తొండికి వెల

వీధిలో గోలీలాడే పిల్లల దగ్గర రూల్ బుక్ ఉండదు, అంపైరూ ఉండడు. ఉండేది ఒకే ఒక్క మాట: తొండి. గీత దాటి ముందుకొచ్చి గోలీ కొట్టినవాడిది తొండి. చెడుగుడులో కూత తెగినా తెగలేదని ఒట్టు వేసేవాడిది తొండి. దాగుడుమూతల్లో వేళ్ల సందుల్లోంచి చూసేవాడిది తొండి. ఆ నేరానికి అక్కడ శిక్ష కూడా ఒక్కటే: "పోరా, నీతో ఆడం." గంట తర్వాత బతిమాలుకుని మళ్లీ కలిసిపోతారు, అది వేరే సంగతి. కానీ ఇంత చెల్లిస్తే ఇంత తొండి చేసుకోవచ్చనే ఏర్పాటు ఆ వీధిలో లేదు. అక్కడ తొండికి వెల కట్టరు.

పెద్దల ఆటల్లో కడతారు. ఆ సంగతి లోకమంతా కళ్లారా చూసిన రాత్రి 2010 జులై 2.

జోహన్నెస్‌బర్గ్, సాకర్ సిటీ స్టేడియం. ఆఫ్రికా గడ్డ మీద మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరుగుతోంది. ఆఫ్రికా జట్లలో ఇంకా బరిలో మిగిలింది ఘనా ఒక్కటే. అప్పటిదాకా ఆ ఖండం నుంచి ఏ జట్టూ సెమీఫైనల్ గడప తొక్కలేదు. క్వార్టర్ ఫైనల్లో ప్రత్యర్థి ఉరుగ్వే. మొదటి సగం ముగిసే క్షణాల్లో ఘనా ఆటగాడు ముంతారి ఎంతో దూరం నుంచి కొట్టిన బంతి గోల్ అయింది. విరామం తర్వాత ఉరుగ్వే ఆటగాడు ఫోర్లాన్ ఫ్రీ కిక్‌తో స్కోరు సమం చేశాడు. 90 నిమిషాలు గడిచాయి. అదనంగా ఇచ్చిన 30 నిమిషాలూ అయిపోవచ్చాయి. అప్పుడు ఘనాకు ఆఖరి ఫ్రీ కిక్ దొరికింది.

బంతి ఉరుగ్వే గోల్ ముందు కిక్కిరిసిన గుంపులో పడింది. అప్పియా కొట్టిన షాట్‌ను సరిగ్గా గోల్ గీత మీద నిలబడ్డ లూయిస్ సువారెజ్ కాలు అడ్డుపెట్టి ఆపాడు. అంతవరకు అది చక్కని ఆట. ఆ వెంటనే డొమినిక్ అడియా తలతో కొట్టిన బంతి మళ్లీ గోల్‌లోకే దూసుకొచ్చింది. ఈసారి కాలికి అందేది కాదు, తలకూ అందేది కాదు. సువారెజ్ రెండు చేతులూ ఎత్తి, వాలీబాల్ ఆడినట్టు బంతిని బయటికి తోసేశాడు.

పోర్చుగల్ రిఫరీ బెంకెరెన్సా తడబడలేదు. రెడ్ కార్డ్ చూపించాడు, పెనాల్టీ ఇచ్చాడు. సువారెజ్ ఏడుస్తూ మైదానం వదిలాడు. అసమోవా జ్యాన్ పెనాల్టీ కొట్టాడు. బంతి క్రాస్‌బార్‌కి తగిలి పైకి ఎగిరిపోయింది. లోపలికి వెళ్లిపోకుండా దారిలో ఆగి చూస్తున్న సువారెజ్ సంతోషంతో గంతులేశాడు. తర్వాత షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. ఆ షూటౌట్‌లో ఘనా తరఫున మొదటి కిక్ తీసుకున్నది మళ్లీ జ్యానే. నిమిషాల కిందట తగిలిన దెబ్బను దిగమింగుకుని గోల్ కొట్టాడు. ఆ గుండె దిటవు గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. ఘనా తరఫున విఫలమైన ఇద్దరిలో ఒకడు 20 ఏళ్ల అడియా. చెయ్యి అడ్డం రాకపోతే తన దేశాన్ని సెమీఫైనల్‌కి తీసుకెళ్లి ఉండేవాడు అతనే.

సువారెజ్ తరఫు వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. అతను దేన్నీ దాచలేదు. కోట్ల మంది చూస్తుండగా చేశాడు, రిఫరీ ఇచ్చిన శిక్షను అక్కడికక్కడే అనుభవించాడు, సెమీఫైనల్ ఆడే అవకాశమూ పోగొట్టుకున్నాడు. అతను లేని ఉరుగ్వే నెదర్లాండ్స్ చేతిలో 3-2తో ఓడింది. పెనాల్టీ తప్పింది జ్యాన్ వల్ల, సువారెజ్ వల్ల కాదు. ఆ స్థానంలో ఏ ఆటగాడున్నా అదే చేసేవాడని మాజీ ఆటగాళ్లు ఎందరో అన్నారు. సువారెజ్ తన దేశంలో ఇప్పుడు హీరో అని ఆ రాత్రి జ్యాన్ కూడా ఒప్పుకున్నాడు.

దీని పక్కన రెండు పాత కథలు పెట్టి చూస్తే ఆ వాదన బలం తెలుస్తుంది. 1986 జూన్ 22న మెక్సికోలోని అజ్టెకా స్టేడియంలో ఇంగ్లండ్ మీద మారడోనా పిడికిలితో గోల్ కొట్టాడు. ట్యునీషియా రిఫరీ అలీ బెన్నసూర్ అది చూడలేదు, గోల్ నిలిచింది. 2018 మార్చి 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ గరుకు కాగితంతో బంతిని రుద్ది, కెమెరాకు దొరకగానే ఆ కాగితాన్ని ప్యాంటులోకి తోసేశాడు. కెప్టెన్ స్మిత్‌, వార్నర్‌ల మీద ఏడాదేసి, బాన్‌క్రాఫ్ట్ మీద 9 నెలలు నిషేధం పడింది. ఈ రెండూ దొంగతనాలు. దొరక్కపోవడం మీదే వాటి లాభమంతా ఆధారపడి ఉంది. సువారెజ్ చేసింది ఆ జాతిది కాదు. నడిబజారులో అందరి ముందూ వస్తువు లాక్కుని, ఇదిగో జరిమానా అని డబ్బు బల్ల మీద పెట్టినవాడి తీరు అది.

చిక్కంతా అక్కడే ఉంది. లాక్కున్నది ఏమిటి, చెల్లించింది ఏమిటి?

లాక్కున్నది గోల్. చెల్లించింది గోల్ కొట్టే అవకాశం. పెద్ద పోటీల్లో సుమారుగా నాలుగు పెనాల్టీల్లో మూడు గోల్ అవుతాయి, ఒకటి కాదు. అంటే ఘనా చేతికి వచ్చిన నిండు రూపాయిని తీసుకుని ముప్పావలా తిరిగిచ్చారు. పైగా ఆ ముప్పావలా గాలిలో ఎగిరే నాణెం. ఆ తేడాలోనే ఒక ఖండం కల పోయింది.

ఈ వెల కట్టిందెవరు? చరిత్ర తవ్వితే మరో సువారెజ్ కనిపిస్తాడు. 1891 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ క్వార్టర్ ఫైనల్. స్టోక్ జట్టు మీద నాట్స్ కౌంటీ 1-0తో ముందుంది. చివరి నిమిషాల్లో స్టోక్ కొట్టిన బంతి గోల్‌లోకి పోతుంటే నాట్స్ ఆటగాడు హెండ్రీ చేత్తో ఆపేశాడు. అప్పటికి పెనాల్టీ అనేది లేదు. గోల్‌కి జానెడు దూరంలో ఫ్రీ కిక్ ఇచ్చారు. గోల్‌కీపర్ బంతికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. కొట్టడానికి చోటే లేదు. నాట్స్ గెలిచింది, ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది.

ఐర్లండ్‌లోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో నార బట్టల మిల్లు యజమాని కొడుకు విలియం మెక్రమ్ అంతకుముందు ఏడాదే పెనాల్టీ కిక్ ప్రతిపాదన చేసి ఉన్నాడు. అతనూ గోల్‌కీపరే. ఐరిష్‌వాడి గోల అని పెద్దలు ఎగతాళి చేసిన ఆ ప్రతిపాదన 1891 జూన్‌లో నియమంగా మారింది. దాని మీద కోపం తెచ్చుకున్నవాళ్లున్నారు. చదువుకున్న సంపన్న కుటుంబాల యువకులు ఆడే కొరింథియన్ అనే జట్టు ఈ నియమాన్ని తమకు జరిగిన అవమానంగా తీసుకుంది. పెద్దమనుషులు కావాలని తప్పు చేస్తారని అనుకోవడమే వాళ్లకు కంటగింపు. తమ మీద పెనాల్టీ ఇస్తే ఆ జట్టు గోల్‌కీపర్ పక్కకు తప్పుకుని నిలబడేవాడనీ, తమకే దొరికితే బంతిని కావాలని బయటికి కొట్టేవారనీ చెబుతారు. ఆ జట్టులో ఆడిన సి.బి. ఫ్రై, ఇలాంటి నియమం ఉండటమే ఆటగాళ్ల మీద నింద మోపడమని గట్టిగా వాదించాడు.

ఆ దర్పంలో కలిగినవాళ్ల గర్వం ఉంది. ఆట మీద బతికే కూలి కుర్రాళ్లకు అలా పెనాల్టీలు బయటికి కొట్టే విలాసం ఎక్కడిది? ఆ వర్గ భేదాన్ని పక్కన పెడితే మాత్రం ఫ్రై ఒక నిజాన్ని పట్టుకున్నాడు. శిక్షను ముందే కొలిచి, అంకె వేసి, పుస్తకంలో రాసిపెట్టిన రోజు నుంచి, లెక్క వేసుకునేవాడికి తప్పు కూడా ఒక ఎంపిక అవుతుంది. మెక్రమ్ తప్పును ఆపాలనుకున్నాడు. ఆపిన మాట నిజమే. ఆ పనిలోనే తప్పుకు ధరల పట్టికా తయారైంది.

జరిమానా ధరగా మారిపోవడం ఆటలకే పరిమితం కాదు. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 డే కేర్ సెంటర్లను గమనించి 2000లో ఒక వ్యాసం ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చేవారు. 6 సెంటర్లలో ఆలస్యానికి జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి కదా, పెరిగాయి. దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరమ్మ మన కోసం కూర్చుని ఉంటుందే అని మొహమాటపడి పరిగెత్తుకొచ్చినవాళ్లు, డబ్బు కట్టడం మొదలయ్యాక ఆ అదనపు సమయాన్ని కొనుక్కుంటున్నామనుకున్నారు. తర్వాత జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. ఆ చివరి వాక్యం ఆటల్ని నడిపేవాళ్లు గోడకు రాసి పెట్టుకోవాల్సింది.

అన్ని ఆటలూ ఈ బేరానికి ఒప్పుకోలేదు. రగ్బీలో తప్పు చేసి ఆపకపోతే ట్రై అయ్యేదేనని రిఫరీ నమ్మితే, ట్రై అయినట్టే లెక్క. ఇప్పుడు దానికి నేరుగా 7 పాయింట్లు ఇచ్చేస్తారు, ఎవరూ బంతిని తన్నాల్సిన పని లేదు. బాస్కెట్‌బాల్‌లో బుట్టలోకి దిగుతున్న బంతిని తాకితే, ఆ బంతి బుట్టలో పడినట్టే పాయింట్లు ఇస్తారు. దోచుకున్న సొత్తును దోచుకున్నట్టే తిరిగి అప్పగించే న్యాయం ఇది. దీనివల్ల లెక్కలు వేసుకునేవాడికి లెక్కే మిగలదు. సాకర్ సిటీలో ఈ న్యాయం నడిచి ఉంటే సువారెజ్ చేతులు పైకి లేచేవి కావు. లేచినా స్కోరు బోర్డు మీద ఘనా 2 అని పడేది.

అలాగని కావాలని చేసే ప్రతి తప్పూ ఒకటే అనడం మొండితనం. బాస్కెట్‌బాల్‌లో వెనకబడిన జట్టు చివరి నిమిషంలో గడియారాన్ని ఆపడానికి ప్రత్యర్థిని కావాలని ఫౌల్ చేస్తుంది. ఆ సంగతి రెండు జట్లకూ తెలుసు, కోచ్‌లు పిల్లలకు నేర్పిస్తారు కూడా. ఫౌల్ తిన్న ఆటగాడు ఫ్రీ త్రోలు వేస్తాడు, ముందున్న జట్టు ఇంకా ముందే ఉంటుంది, ఆట సాగుతుంది. ఎవరి చేతిలోని ముద్దనూ ఎవరూ లాక్కోలేదు. గోల్ గీత మీది చెయ్యి అలాంటిది కాదు. ఆటలంటే మనం కోరి పెట్టుకున్న అడ్డంకులని బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఒక పుస్తకంలో వివరించాడు. ఫుట్‌బాల్‌కి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. చేతులున్న మనుషులు చేతులు లేనట్టు ఆడటమే ఆ ఆట. గోల్‌కీపర్ కానివాడు గోల్ గీత మీద చేతులెత్తితే ఆ క్షణానికి అతను ఫుట్‌బాల్ ఆడటం మానేశాడు. ఎదుటి పదకొండు మందీ ఇంకా ఫుట్‌బాలే ఆడుతున్నారు.

శిక్షే ఆయుధమైపోయిన ఒక రాత్రి మనవాళ్లకు బాగా గుర్తుంటుంది. 2010 ఆగస్టు 16, దంబుల్లా. శ్రీలంక మీద వన్డేలో స్కోర్లు సమమయ్యాయి, భారత్ గెలుపుకు ఒక్క పరుగు చాలు. సెహ్వాగ్ 99 మీద ఉన్నాడు. టీవీల ముందు కూర్చున్నవాళ్లంతా సెంచరీ కోసం ముందుకు వంగారు. ఆఫ్ స్పిన్నర్ సూరజ్ రందీవ్ గీత దాటి బాగా ముందుకు అడుగేసి బంతి వేశాడు. సెహ్వాగ్ దాన్ని సిక్సర్ కొట్టాడు. కానీ నో బాల్ అని తేలిన క్షణమే దాని తాలూకు ఒక పరుగుతో మ్యాచ్ అయిపోయింది, సిక్సర్ లెక్కలోకి రాలేదు. సెహ్వాగ్ 99 నాటౌట్.

నో బాల్‌కి శిక్ష ఒక పరుగు. రందీవ్‌కి కావాల్సింది కూడా ఆ ఒక్క పరుగు ఇచ్చేయడమే. రూల్ బుక్ ప్రకారం అన్నీ సవ్యంగా జరిగాయి: తప్పు జరిగింది, శిక్ష పడింది, మ్యాచ్ ముగిసింది. అయినా చూసిన ప్రతి ఒక్కరికీ కడుపులో ఏదో దేవినట్టయింది. రందీవ్ తర్వాత సెహ్వాగ్‌ని కలిసి క్షమాపణ చెప్పాడు. శ్రీలంక బోర్డు తన బౌలర్‌ని తానే ఒక మ్యాచ్ పాటు పక్కన పెట్టింది, అతన్ని పురిగొల్పినందుకు సహచరుడు దిల్షాన్‌కి జరిమానా వేసింది. ఆ బోర్డు చేసిన పని మెచ్చదగ్గది. పుస్తకంలోని శిక్షతో తప్పు రద్దయిపోదని ఒప్పుకుని, పుస్తకంలో లేని శిక్ష వేసింది.

శిక్ష చెల్లిస్తే తప్పు తీరిపోతుందా అన్న ప్రశ్న తెలుగువాళ్లకు కొత్త కాదు. ఊళ్లలో తెల్లవార్లూ ఆడిన కురుక్షేత్రం నాటకాల్లో అది నిలబడే ఉంది. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టకూడదు. భీముడు దుర్యోధనుడి తొడలు విరిచాడు. ఇద్దరికీ గద నేర్పిన గురువు బలరాముడు అది చూసి సహించలేక నాగలి ఎత్తాడు. కృష్ణుడు ఆపి, నిండు సభలో ద్రౌపదికి జరిగిన పరాభవాన్నీ, భీముడు చేసిన ప్రతిజ్ఞనీ గుర్తు చేశాడు. బలరాముడికి ఆ సమాధానం సరిపోలేదు. భీముణ్ని లోకం ఇక కపట యోధుడనే అంటుందని చెప్పి ద్వారకకు వెళ్లిపోయాడు. గెలుపు భీముడిదే. ఆ గెలుపు మీద ఒక మచ్చ మాత్రం గురువు పెట్టి పోయాడు, ఇన్నేళ్లుగా ఏ నాటకమూ దాన్ని తుడిచేయలేదు.

భీముడి వెనక పదమూడేళ్ల అరణ్య, అజ్ఞాతవాసాలున్నాయి, భార్యకు జరిగిన అవమానముంది. ఘనా జట్టు ఉరుగ్వేకి ఏ అపకారమూ చేయలేదు. ఉరుగ్వే కన్నా ఒక హెడర్ బాగా కొట్టింది, అంతే.

వీధి న్యాయం పెద్ద పోటీల్లో అమలైన సందర్భమూ ఒకటుంది. 2012 లండన్ ఒలింపిక్స్, మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్. జులై 31న వెంబ్లీ అరీనాలో చైనా, కొరియా జోడీలు ఓడిపోవడానికి పోటీపడ్డాయి. సర్వీసులు నెట్‌లోకి, షాట్లు కోర్టు బయటికి. తన గ్రూపులో రెండో స్థానంలో ఉన్న మరో చైనా జోడీ ఫైనల్ దాకా ఎదురుపడకూడదన్నది మొదటి జోడీ లెక్క. దాని తర్వాత మరో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ కూడా అదే పని చేశాయి. టికెట్లు కొనుక్కొచ్చిన జనం గోల చేశారు. శక్తి మేరకు ఆడకపోవడం ప్రపంచ సమాఖ్య ప్రవర్తనా నియమావళి ప్రకారం నేరం. మర్నాడు నాలుగు జోడీలనీ, ఎనిమిది మందినీ పోటీలోంచి పంపించేశారు. పాయింట్లు కోయలేదు, డబ్బు కట్టించుకోలేదు. "పోండి, మీతో ఆడం" అన్నారు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ అమ్మాయి గుత్తా జ్వాల, కొడగు అమ్మాయి అశ్విని పొన్నప్ప గుండె కోతకు గురయ్యారు. వాళ్ల గ్రూపులో భారత్, జపాన్, చైనీస్ తైపీ రెండేసి విజయాలతో సమంగా నిలిచాయి. ఒకే ఒక్క పాయింటు తేడాతో జ్వాల జోడీ క్వార్టర్ ఫైనల్‌కి దూరమైంది. చివరి మ్యాచ్‌లో తైపీ చేతిలో జపాన్ ఓడిన తీరు మీద భారత బృందం ఫిర్యాదు చేసింది, నిర్వాహకులు తోసిపుచ్చారు. ఆ జపాన్ జోడీ తర్వాత రజతం గెలుచుకుంది. అక్కడ తప్పు జరిగిందని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే రుజువు కాలేదు. కానీ తొండి ఆట ఒకచోట బయటపడ్డాక, ఏ మచ్చా లేని మ్యాచ్‌ల మీద కూడా అనుమానపు నీడ పడుతుంది. నిజాయితీగా ఆడి ఓడినవాళ్లకు, తాము ఓడింది ఆటలోనేనా అన్న సందేహం జీవితాంతం మిగిలిపోతుంది. తొండి చేసేవాడు ఎదుటివాడి నుంచి తీసుకునే అసలు సొత్తు అదే. తర్వాత సమాఖ్య గ్రూపు దశ ముగిశాక మళ్లీ డ్రా తీసే పద్ధతి తెచ్చి, ఓడిపోతే లాభం అనే ఆశను చాలావరకు తెంపేసింది. మంచి పని. శిక్ష పెంచే బదులు ఆశకు చోటు లేకుండా చేశారు.

జోహన్నెస్‌బర్గ్ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ మ్యాచ్ అయ్యాక సువారెజ్, మారడోనా గోల్‌తో పేరుపడ్డ 'దేవుడి చెయ్యి' ఇప్పుడు తనదేనని, ఆ టోర్నీలో అన్నిటికన్నా గొప్ప సేవ్ తనదేనని చెప్పుకున్నాడు. చేతులు ఎత్తడం కన్నా బాధ పెట్టేది ఈ మాట. ఎత్తడం రెప్పపాటు పని, ఒంట్లోంచి దానంతటదే వచ్చిందంటే నమ్మవచ్చు. గొప్పగా చెప్పుకోవడానికి మాత్రం ఆలోచించే తీరిక ఉంది. జ్యాన్‌ని ఆ పెనాల్టీ చాలా కాలం వెంటాడింది. 2012 ఆఫ్రికా కప్ సెమీఫైనల్లో మరో పెనాల్టీ తప్పాక, ఇక పెనాల్టీలు కొట్టవద్దని తల్లి అతన్ని కోరింది. ఆ ఏడాదే ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయింది.

2022లో ఖతార్ ప్రపంచ కప్‌లో ఘనా, ఉరుగ్వే ఒకే గ్రూపులో పడ్డాయి. మ్యాచ్‌కి ముందురోజు విలేకరులు అడిగితే సువారెజ్ క్షమాపణ చెప్పనన్నాడు. ఎవరినైనా గాయపరిచి ఉంటే చెప్పేవాణ్నని, చేత్తో ఆపినందుకు రెడ్ కార్డ్ తీసుకున్నానని, పెనాల్టీ తప్పింది తన వల్ల కాదని అన్నాడు. పన్నెండేళ్ల తర్వాత కూడా అతని లెక్క ప్రకారం బాకీ తీరిపోయింది.

డిసెంబర్ 2న అల్ జనూబ్ స్టేడియంలో ఘనాకు ముందుగానే పెనాల్టీ దొరికింది. 2010 జట్టులో ఉండి కూడా, కార్డుల వల్ల ఆ క్వార్టర్ ఫైనల్‌కి దూరమైన ఆంద్రె అయూ కొట్టాడు. ఉరుగ్వే గోల్‌కీపర్ ఆపేశాడు. కొద్దిసేపటికే ఉరుగ్వే రెండు గోల్స్ చేసింది. పాత గాయం మళ్లీ రేగినట్టే ఉంది. అంతలో ఇంకో స్టేడియంలో పోర్చుగల్ మీద దక్షిణ కొరియా ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టింది. దాంతో ఉరుగ్వే ముందుకెళ్లాలంటే ఇంకో గోల్ కావాలి. అది రాలేదు. తమకు న్యాయంగా రావాల్సిన పెనాల్టీ ఇవ్వలేదని ఉరుగ్వే ఆటగాళ్లు రిఫరీని చుట్టుముట్టారు. కవానీ లోపలికి వెళ్తూ దారిలో ఉన్న, రిఫరీ రీప్లేలు చూసే వీఏఆర్ తెరను నెట్టి పడేశాడు. అప్పటికే మైదానం వదిలిన సువారెజ్ బెంచి మీద జెర్సీని ముఖం మీదకు లాక్కుని ఏడ్చాడు. ఓడిపోయి తమ జట్టూ ఇంటిముఖం పట్టినా ఘనా అభిమానులు స్టాండ్లలో సంబరం చేసుకున్నారు.

ఎనిమిది రోజుల తర్వాత, డిసెంబర్ 10న, పోర్చుగల్‌ని 1-0తో ఓడించి మొరాకో సెమీఫైనల్‌కి చేరింది. ఆఫ్రికా నుంచి ఆ మెట్టు ఎక్కిన మొదటి జట్టు అది. అడియా తలతో కొట్టిన ఆ బంతి చేరాల్సిన చోటికి ఒక ఆఫ్రికా జట్టు చేరడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. చేరినవాళ్ల ఒంటి మీద ఘనా జెర్సీ లేదు.